రఫూ మామ్మ సర్దిన సంచి

మా మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు వినపడినా రఫూ మామ్మ ముందు గ్యాస్ కట్టేస్తుంది. ఎందుకు మామ్మా అని అడిగితే, "ఏం కబురొస్తుందో ఏమో. ఆ ధ్యాసలో పడి పొయ్యి సంగతి మర్చిపోతే?" అంటుంది. వచ్చేది పాలవాడు కావచ్చు, పై అంతస్తులో ఉండే డ్రైవింగ్ మాస్టారు కావచ్చు, ఎదురు గదిలో ఉండే నేను కావచ్చు. మా అందరి పుణ్యమా అని ఆవిడ కూర ఎప్పుడూ సగం ఉడికి ఆగిపోతూ, మళ్ళీ మొదలవుతూ ఉంటుంది.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా భయపడే మనుషులతోనే నా పని. ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. ఈ మూడు ముక్కలు తప్ప ఇంకో మాట మాట్లాడని రోజులున్నాయి. అంచేత భయం సంగతి నాకు బాగా తెలుసనుకునేదాన్ని. కానీ నా దగ్గరకొచ్చేవాళ్ళు ఆ గదిలో ఉన్నంతసేపే భయపడతారు. రఫూ మామ్మ ఎప్పుడో ఊపిరి బిగబట్టి, ఇక వదలమని చెప్పేవాళ్ళు లేక అలాగే ఉండిపోయింది.

ఆవిడ పనిచేసేది వీధి చివర డ్రైక్లీనింగ్ షాపులో. గాజు తలుపు పక్కన ఒక స్టూలు, మెడ వంచిన దీపం, అంతే ఆవిడ సామ్రాజ్యం. పురుగు కొట్టిన కోట్లు, నిప్పురవ్వ పడిన ప్యాంట్లు, మేకు తగిలి చిరిగిన మంచి మంచి బట్టలు అక్కడికొస్తాయి. రఫూ అంటే మామూలు కుట్టు కాదు. చిరిగినంత మేరా పడుగూ పేకా మళ్ళీ అల్లుకుంటూ రావాలి. దానికి దారం బజార్లో దొరకదు. ఎంత దగ్గరి రంగు తెచ్చినా తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకని అదే బట్ట లోపలి మడత విప్పి, అక్కడ ఎవరికీ కనపడకుండా మిగిలిన గుడ్డలోంచి పోగులు లాగి వాడతారు.

ఇంత ఖరీదైన బట్టలు ముట్టుకోవడానికి భయం వెయ్యదా అని ఒకసారి అడిగాను.

"దానికేం భయం? కావాల్సింది దాని మడతలోనే ఉంటుందిగా," అంది.

అదే మనిషి ఇంటికి తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూస్తుంది. ఫోన్ మోగితే చెయ్యి తుడుచుకునే వంకతో రెండు నిమిషాలు ఆలస్యం చేస్తుంది. ఆవిడ భయాలన్నిటికీ పెద్ద భయం ఒకటుంది. దాని పేరు పిట్ట.

పిట్ట ఆవిడ మనవరాలు. మామ్మ కూతురు జ్వరం వచ్చి పోయింది. అల్లుడు రోడ్లు వేసే కంపెనీలో పనిచేస్తాడు. రోడ్డు ఎటు పోతే అటు ఆయనా పోవాలి, డేరాల్లో ఉండాలి. "కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి అత్తయ్యగారూ," అని పిల్ల బట్టలు ఒక నల్ల జిప్పు సంచిలో పెట్టి తెచ్చి దింపి వెళ్ళాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో మామ్మ అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం. ఆ సంచిని మంచం కింద కనపడకుండా వెనక్కి తోసేసి, ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా అటు చూసేది కాదు.

పిట్ట మనిషి కూడా పిట్టంతే. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు, ఇంట్లో మాత్రం నోరు మూయదు. సాయంత్రాలు మామ్మ ఇంటికి తెచ్చుకున్న పని చేస్తుంటే, పిట్ట ఎదురుగా కూర్చుని బట్ట రెండో కొస బిగువుగా పట్టుకుని మాట్లాడుతూ ఉండాలి. అది ఇద్దరి మధ్య ఒప్పందం. మాటలు ఆగితే మామ్మకి మెట్ల మీద చప్పుళ్ళు వినపడతాయి మరి.

పోయిన చలికాలంలో అల్లుడు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం మామ్మ చెప్పుల్లేకుండా మా గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఆదివారం అల్లుడి అక్క వస్తుందట. చూసి వెళ్తుందట."

"చూసి వెళ్తే వెళ్ళనివ్వండి మామ్మా. అంత కంగారెందుకు?"

"పిల్లకి ఇక్కడ బాగుందనిపిస్తే ఉంచుతారట. లేదంటే ఆవిడ తీసుకెళ్ళిపోతుందట. అక్క ఎలా అంటే అలా అన్నాడు." ఆవిడ తలుపు రెక్క పట్టుకుంది. "వాళ్ళది పెద్ద ఇల్లు. పిల్లకి వేరే గది. వెనకాల తోట. సెలవుల్లో పిట్ట వెళ్ళొచ్చిందిగా. నా దగ్గరేముంది అమ్మాయ్?"

నేనేదో ధైర్యం చెప్పాను. ధైర్యం చెప్పడం నాకు ఉద్యోగంలో అలవాటైపోయి, ఇంట్లో చెప్తే నాకే నమ్మకంగా ఉండదు.

మర్నాటి నుంచి మామ్మ మేడంతా తిరిగి సామాను అడగడం మొదలుపెట్టింది. డ్రైవింగ్ మాస్టారు తన పేము కుర్చీ ఇచ్చాడు. కింద గడియారాలు బాగుచేసే ఆయన, "ఇల్లు నిండుగా ఉంటుంది మామ్మా," అంటూ లోలకం ఊగే పెద్ద గోడగడియారం తెచ్చి తనే తగిలించాడు. నన్ను నా రాతబల్ల అడిగింది. శనివారం మధ్యాహ్నం దాన్ని అడ్డంగా తిప్పి గుమ్మంలోంచి లోపలికి దూర్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. లోపల పెట్టి నడుం పట్టుకుని చూద్దును కదా, గదంతా బోసిగా ఉంది. సామాను పెరిగింది, గది మాత్రం ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. గోడ నిండా ఉండే పిట్ట బొమ్మలు లేవు. కిటికీలో సీసా లేదు. మంచం మీద దిండు లేదు.

తలుపు మూయబోతే వెనకాల ఏదో కాలికి తగిలింది. నల్ల జిప్పు సంచి. పొట్ట ఉబ్బి కూర్చుంది.

"ఇదేంటి మామ్మా?"

"గట్టిగా అనకు. పిట్ట బడి నుంచి వచ్చే వేళయింది." ఆవిడ తలుపు దగ్గరికేసింది. "ఉన్నపళంగా తీసుకెళ్తానంటుందేమో. ఆ హడావిడిలో ఏదైనా మర్చిపోతే పిల్ల అక్కడ వెతుక్కుంటుంది. ఎందుకైనా మంచిదని ముందే సర్దిపెట్టాను."

నాకు ఒళ్ళు మండింది. "ఉన్నవన్నీ ఈ సంచిలో కుక్కేసి, ఇంట్లో ఏమీ లేదని ఊరి మీద పడ్డారా?"

"అవి వాళ్ళకి చూపించేలాంటివి కావమ్మా," అంది మామ్మ. ఏడవడం లేదు. ఏడుపు వచ్చేంత తీరిక కూడా లేని భయం అది. "పిట్టకి చెప్పకు. గోడ తుడవడానికి తీశానని చెప్పాను. రేపు నువ్వు కూడా ఉండు. నాకు మాటలు రావు."

ఆదివారం మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడైంది. మామ్మ గ్యాస్ కట్టేసింది. టీ గిన్నెలో నీళ్ళు కూతకొచ్చి ఆగిపోయాయి.

పిట్ట మేనత్త పొడుగు మనిషి. పావురం రంగు ఉన్ని కోటు వేసుకుని, మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలో ఒక క్షణం ఆగింది. నేను ఏ రాక్షసినో ఊహించుకున్నాను. ఆవిడ కళ్ళ కింద నలుపు, చేతిలో పిల్లకోసం తెచ్చిన బిస్కెట్ల డబ్బా. అది ఎవరి చేతికివ్వాలో తెలియక తనే పట్టుకుని కూర్చుంది, పేము కుర్చీలో. పిట్ట మామ్మ వెనకాల నక్కింది.

"రా తల్లీ. సెలవుల్లో మా ఇంటికొచ్చావు కదా. గుర్తున్నానా?"

పిట్ట తల ఊపింది.

"ఈ బల్ల బాగుందే. దీని మీదే చదువుకుంటావా?"

"మాదే," అంది పిట్ట.

పొద్దున మామ్మ పిట్టని కూర్చోబెట్టి, ఎవరైనా అడిగితే అన్నీ మావే అని చెప్పమని పాఠం చెప్పిన సంగతి నాకు అప్పుడర్థమైంది.

"మీదేలే. దీని మీద చదువుకుంటావా అని అడుగుతున్నాను."

"మాదే."

"గడియారం కూడా కొత్తదా?"

"మాదే." సరిగ్గా అదే సమయానికి గడియారం తన ఇష్టమొచ్చినన్ని గంటలు కొట్టింది. వేళ రెండు కూడా కాలేదు. మేమందరం తలలు వంచుకుని అది ఆగేదాకా విన్నాం.

మామ్మ టీ సంగతి మర్చిపోయింది. చీర కొంగు చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. మేనత్త గది చుట్టూ చూసింది. బోడి గోడ, కొత్త దుప్పటి వేసిన మంచం, ఏమీ లేని కిటికీ. ఆవిడ చూపు ఆగిన ప్రతిచోటా నాకు ఈ పిల్ల ఇంకొంచెం దూరం జరిగిపోతున్నట్టు అనిపించింది. ఏదైనా మాట్లాడాలని నోరు తెరిచాను. ఆసుపత్రి మాటలు తప్ప ఒక్కటీ రాలేదు.

తలుపు తట్టిన చప్పుడు. గడియారాలాయన తల లోపలికి పెట్టాడు. చేటంత మొహం చేసుకుని వచ్చినవాడు మమ్మల్ని చూసి నీళ్ళు నమిలాడు.

"మామ్మా, ఏమనుకోకు. ఆ గడియారం వాళ్ళు వచ్చి కింద కూర్చున్నారు. రేపు గదా రావాల్సింది, ఇవాళే వచ్చేశారు. ఇంకా బాగు చెయ్యనే లేదు, అదొక గొడవ."

ఆయన బల్లెక్కి గడియారం దించి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది. మామ్మ మంచం అంచున కూలబడింది.

మేనత్త పిల్ల వంక చూసింది, మామ్మ వంక చూసింది. కోపంగా కాదు. ఏదో నిశ్చయించుకున్న మనిషిలా పెదవులు బిగించి లేచింది. లేవడంలో కుర్చీ చేతికున్న మేకు ఆవిడ కోటు మోచేతిని పట్టుకుంది. పర్రుమంది.

పై ప్రాణాలు పైనే పోయాయంటారే, మామ్మ మొహం చూశాక నాకు ఆ మాట అర్థమైంది. మేనత్త చెయ్యి ఎత్తి చూసుకుంది. బొటనవేలు దూరేంత మూలచిరుగు.

"పోనీలెండి," అంది. చిరుగుని వేలితో తడిమి, "మా అమ్మ కోటు ఇది," అంది.

అప్పుడు మామ్మ లేచింది. "ఇలా ఇవ్వండి," అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి వణకడం లేదు. కోటు అందుకుని కిటికీ దగ్గరికెళ్ళి, చిరుగుని వెలుతురులో పెట్టి, చేతి చివర మడత తిరగేసి చూసింది. "ఉంది. కావాల్సినంత ఉంది," అని తనలో తను అనుకుంది. స్టూలు లాక్కుంది. పిట్ట అలవాటుగా వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుని కోటు కొస పట్టుకుంది.

"అమ్మమ్మా, సన్న సూది ఏది?"

మామ్మ చెయ్యి కిటికీ గట్టు మీదకి వెళ్ళి, అక్కడ ఏమీ లేక, అలాగే ఆగిపోయింది. ఆవిడ కళ్ళు తలుపు వైపు పోయాయి.

పిట్ట లేచి వెళ్ళి తలుపు పక్కకి లాగింది. సంచిని రెండు చేతులతో ఈడ్చుకొచ్చి గది మధ్యలో పెట్టి జిప్పు తీసింది. పైనే దిండుంది. రఫూలో మిగిలిన గుడ్డపీలికలు కూరి మామ్మ కుట్టిన దిండు. పిట్ట దాన్ని చూసింది. దాని కింద మడత పెట్టిన బొమ్మల కాగితాలు చూసింది.

"నన్ను పంపించేస్తున్నావా?"

ఆ పిల్ల గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. ఎముక విరిగి వచ్చిన పిల్లలు కూడా నా దగ్గర అలా అడగలేదు.

"లేదమ్మా," అంది మామ్మ. "నాకు భయమేసింది. నిన్ను తీసుకెళ్ళిపోతారేమోనని భయమేసి, ఏం చెయ్యాలో తోచక నేనే ముందు సర్దేశాను. సన్న సూది కూడా నీకే ఇద్దామని అందులోనే పెట్టాను. ఇంకేమీ లేదు నా దగ్గర మంచిది."

మేనత్త ఎదురుగా నిలబడి ఉందని మామ్మ మర్చిపోయినట్టుంది. పిట్టకి మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దిండు తీసుకెళ్ళి మంచం మీద కొట్టినట్టు పెట్టింది. సూది సంచి అడుగున ఎక్కడో ఉంది. దానికోసం ఒక్కొక్కటీ పైకి తీస్తూ, తీసినదాన్ని ఎక్కడిదక్కడ పెట్టుకుంటూ పోయింది. "ఇది కిటికీది," అని పెన్సిల్ ముక్కలున్న సీసా గట్టు మీద పెట్టింది. "ఇది మేకుది," అని వాళ్ళమ్మ ఫోటో గడియారం మేకుకి తగిలించింది. చూస్తే ఆ మేకు నిజంగా ఫోటోదే. బొమ్మల వెనక జిగురు ఇంకా కాస్త అంటుకుంటోంది. బస్సులు, మా మేడ మెట్లు, నోరు తెరుచుకుని నవ్వుతున్న డ్రైవింగ్ మాస్టారు, తెల్ల కోటులో నేను. నాకు కాళ్ళు వెయ్యడం మర్చిపోయింది, అది వేరే సంగతి. వాళ్ళమ్మ స్వెట్టర్ విప్పి మామ్మ మళ్ళీ పిట్ట కొలతకి అల్లిన స్వెట్టర్ కుర్చీ వీపుకి వచ్చింది. పిడి విరిగితే అతికించిన కప్పు, మామ్మ గుడ్డసంచిలో పెట్టిన గోళీలు, రంగురంగుల పోగులు చుట్టిన అట్టముక్కలు. ఆ సంచిలో అంత పట్టిందంటే నమ్మబుద్ధి కాలేదు. చివరికి అడుగున చిన్న రేకు డబ్బా దొరికింది. సంచి చప్పబడిపోయింది.

మామ్మ సూది అందుకుని లోపలి మడతలోంచి మొదటి పోగు లాగింది. పిట్ట కొస పట్టుకుని కూర్చుంది. కాసేపు బిగుసుకుని ఉంది. తర్వాత ఒప్పందం ప్రకారం మాట్లాడటం మొదలుపెట్టింది.

బళ్ళో లెక్కల టీచర్ బూట్లు కీచుమంటాయని, ఆయన వచ్చేది ముందే తెలుస్తుందని చెప్పింది. మేడ మీద పిల్లి పిల్లల్ని పెట్టిందని, ఒకదాని మొహం అచ్చం గడియారాలాయనలా ఉందని చెప్పింది. మామ్మ ఊఁ కొడుతోంది, పోగు లాగుతోంది. మేనత్త మళ్ళీ కూర్చుంది, ఈసారి నేల మీద, మంచానికి ఆనుకుని. ఊపిరి గట్టిగా తీసుకుంటే పిల్ల ఆగిపోతుందేమో అన్నట్టు కదలకుండా వింటోంది.

"అత్తా వాళ్ళింట్లో గది చాలా పెద్దది అమ్మమ్మా," అంది పిట్ట, తల ఎత్తకుండా. "మాట్లాడితే నా మాట నాకే వినపడుతుంది. అందుకే మాట్లాడలేదు. తోటలో జామకాయలు బాగున్నాయి. అత్త రోజూ కోసి పెట్టేది. నేను బాగున్నాయని చెప్పలేదు."

మేనత్త మొహం పక్కకి తిప్పుకుంది. "సెలవులన్నీ ఒక్క మాట కూడా మాట్లాడలేదండీ," అంది నాతో, రహస్యం చెప్తున్నట్టు. "అక్కడా ఇక్కడా ఇంతేనేమో, పిల్ల ఇలాగే అయిపోతుందేమోనని నాకు రోజూ దిగులే. తమ్ముడికి ఏం చెప్పాలో తెలియలేదు."

ఆవిడ కూడా భయపడే వచ్చిందన్నమాట. ఆ గదిలో భయపడనివాళ్ళు ఒక్కరూ లేరు, నాతో కలిపి.

వెలుతురు తగ్గేవేళకి మామ్మ కోటు దులిపి ఇచ్చింది. మేనత్త మోచేతి మీద వేలితో తడిమి చూసింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది, చిరుగు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయింది. "ఇదే రంగు దారం మీ దగ్గర ఎలా ఉంది?" అంది.

"నా దగ్గర లేదమ్మా. మీ కోటుదే. లోపల ఉంది."

ఆవిడ కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని నిలబడింది. గది అంతా మరోసారి చూసింది. తర్వాత అంది:

"అత్తయ్యగారూ, ఆ సంచి ఇలా ఇవ్వండి. తీసుకెళ్తాను."

ఇందాక కోటు కొస పట్టుకున్న పిట్ట చెయ్యి ఇంకా అలాగే గాల్లో ఉంది. మామ్మ బతిమాలలేదు. లేచి వెళ్ళి మంచం మీది దిండు తీసి గుండెకి హత్తుకుని, సంచి దగ్గర వంగింది.

"దిండు అక్కడ పెట్టండి," అంది మేనత్త. "సంచి ఒక్కటే. ఖాళీది."

మామ్మకి అర్థం కాలేదు.

"మా తమ్ముడిదేగా అది. ఇంట్లో ఉంటే మీరు మళ్ళీ సర్దుతారు." ఆవిడ వంగి, తనే ఆ సంచి తీసుకుని, గాలి పోయేలా నొక్కి మడతపెట్టి చంకలో పెట్టుకుంది. "తమ్ముడికి నేను చెప్తాను. సెలవులకి జామకాయలు నేనే తెస్తాను, పిల్ల రానక్కర్లేదు. మీరు మాత్రం ఈ కుర్చీ ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యండి. ఇంకెవరి బట్టలైనా చింపుతుంది."

గుమ్మం దాటబోతుంటే పిట్ట వెనకనుంచి, "అత్తా, జామకాయలు బాగున్నాయి," అంది. మేనత్త తల ఊపి, గబగబా దిగడం మొదలుపెట్టింది.

మామ్మ దిండు పట్టుకుని గది మధ్యలో అలాగే నిలబడిపోయింది.

"మామ్మా," అన్నాను. "ఇక వదలండి."

ఆవిడ నా వంక చూసి, పెద్దగా, చాలాసేపు ఊపిరి వదిలింది. దిండు మంచం మీద పెట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఇంకా వినపడుతూనే ఉంది. మామ్మ వెళ్ళి గ్యాస్ వెలిగించింది.